జర్నలిజంలో పీజీ చేయాలా, నేరుగా ఉద్యోగంలోనే కొనసాగాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డిగ్రీలో ఎకనామిక్స్ చదివారు. ఏడాదిగా ఒక చిన్న న్యూస్ వెబ్‌సైట్‌కి రాస్తున్నారు. జర్నలిజంలో పీజీ చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక డబ్బూ కాలమూ వృథాయేనా అని మీ సందేహం. "రిపోర్టింగ్ ఫీల్డ్‌లో వస్తుంది గానీ క్లాసులో రాదు" అని మీ సీనియర్ ఒకరు అన్నారని కూడా రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. కేవలం ఉద్యోగం దొరకడం కోసమే అయితే పీజీ అవసరం లేదు. మీరు ఇప్పటికే పనిలో ఉన్నారు కాబట్టి అసలే అవసరం లేదు. కానీ మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ కాపీని, అంటే మీరు రాసిన వార్తను, వాక్యం వాక్యం దిద్దే అధ్యాపకులు ఉన్న చోట, పెద్ద అప్పు నెత్తిన పడకుండా సీటు వస్తే మాత్రం తప్పకుండా చేరండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఉన్న చోటే ఉండండి.

నేను చాలాకాలం రిపోర్టర్‌గా, తర్వాత వచ్చిన వార్తలు దిద్దే డెస్క్‌లో పనిచేశాను. కొన్నేళ్లుగా పీజీ విద్యార్థులకు రిపోర్టింగ్, ఎడిటింగ్ చెబుతున్నాను. అడ్మిషన్ ఇంటర్వ్యూల్లోనూ కూర్చుంటాను. ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునే పనీ చేశాను, కాబట్టి రెండు వైపుల నుంచీ చూసి చెబుతున్న మాటలివి.

పట్టా లైసెన్స్ కాదు. డాక్టరుకీ లాయరుకీ పట్టా లేకపోతే ప్రాక్టీసే లేదు. జర్నలిస్టుకి చాలా దేశాల్లో అలాంటి నిబంధన లేదు. బ్రెజిల్‌లో ఒకప్పుడు జర్నలిజం పట్టా తప్పనిసరిగా ఉండేది. భావ ప్రకటనా స్వేచ్ఛకు అది అడ్డు అంటూ అక్కడి సుప్రీంకోర్టు 2009లో ఆ నిబంధనను కొట్టేసింది. న్యూస్ ఎడిటర్ ఎవరైనా దరఖాస్తులో మొదట చూసేది మీరు ఏం రాశారన్నదే. కోర్సు పేరు మీద ఆ తర్వాతే చూపు పడుతుంది. కొన్నిసార్లు అసలు పడదు కూడా.

మీ సీనియర్ మాటకు నూరేళ్లకు పైగా వయసుంది. జర్నలిజానికి కాలేజీ పెట్టాలని అమెరికా పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ప్రతిపాదించినప్పుడు పత్రికల వాళ్లే చాలామంది తప్పుపట్టారు. విలేకరి పుట్టుకతోనే విలేకరి, అతనికి న్యూస్‌రూమే బడి అన్నారు. దానికి ఆయన 1904లో ఒక పెద్ద వ్యాసం రాసి జవాబిచ్చారు. అమెరికాలోనే మిస్సోరి యూనివర్సిటీ జర్నలిజం స్కూలు 1908లో తెరుచుకుంది. పులిట్జర్ ఇచ్చిన నిధులతో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ జర్నలిజం స్కూలు 1912లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది మొదలైంది. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది మిస్సోరి చేసిన పని. క్లాసులు మొదలైన రోజే అక్కడ విద్యార్థులు నడిపే పత్రిక తొలి సంచిక కూడా బయటకొచ్చింది. అంటే క్లాసా, ఫీల్డా అన్న వాదనకు వాళ్లు మొదటి రోజే ఒక దారి చూపించారు. బ్రిటన్‌లో 1970లో కార్డిఫ్‌లో పీజీ స్థాయి జర్నలిజం కోర్సు పెట్టినప్పుడు దాన్ని నడిపింది టామ్ హాప్కిన్సన్. ఆయన అప్పటికే పేరున్న సంపాదకుడు. మంచి స్కూళ్లన్నీ ఇప్పటికీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి: చెప్పేవాళ్లు పని చేసినవాళ్లయి ఉంటారు, నేర్చుకునేవాళ్లు మొదటి వారం నుంచే జనం చదివే వార్తలు రాస్తుంటారు.

మీ సీనియర్ చెప్పిన దాంట్లో నిజం ఉంది. వేగం, ధైర్యం, సోర్సుల్ని సంపాదించుకోవడం, ఎవరికి ఫోన్ చేస్తే విషయం తెలుస్తుందో పసిగట్టడం, ఇవి ఫీల్డ్‌లోనే వస్తాయి. ఫీల్డ్‌లో రానిది ఒకటుంది, అదేమిటో చెబుతాను.

డెడ్‌లైన్ దగ్గర పడ్డాక మీ కాపీ డెస్క్‌కి వెళ్తుంది. సబ్ ఎడిటర్ ఇంట్రో, అంటే వార్త తొలి వాక్యాలు, మార్చేస్తారు, నాలుగో పేరాలో ఉన్న అసలు విషయాన్ని పైకి తెస్తారు, అనుమానంగా ఉన్న అంకెను తీసేస్తారు, పేజీ వెళ్లిపోతుంది. మర్నాడు మీ బైలైన్‌తో, అంటే మీ పేరుతో, మంచి వార్త వస్తుంది. ఎందుకు మార్చారో మీకు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మీరూ అడగరు, ఎందుకంటే అప్పటికే తర్వాతి స్టోరీ మీద ఉంటారు. ఇలా పదేళ్లు గడిచినా అదే ఇంట్రో రాసేవాళ్లను నేను చూశాను. తెలివి తక్కువై కాదు, వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే. అందులోనూ చిన్న వెబ్‌సైట్లలో చాలాచోట్ల డెస్క్ అనేదే ఉండదు. మీరు రాసింది రాసినట్టే ఎక్కుతుంది. మీ విషయంలో నాకు ఎక్కువ ఆందోళన ఉన్నది అక్కడే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక విద్యార్థి "దొంగతనాలు 50 శాతం పెరిగాయి" అని ఇంట్రో రాశాడు. అంకె సరైనదే. కూర్చోబెట్టి అడిగాను: ఎన్ని నుంచి ఎన్నికి? నాలుగు నుంచి ఆరుకి. ఏ కాలంతో పోల్చావు? పోయిన నెలతో. పోయిన ఏడాది ఇదే నెలలో ఎన్ని? చూడలేదు. ఎవరు లెక్కపెట్టారు? పోలీసులు. అంటే జరిగిన దొంగతనాలా, నమోదైన ఫిర్యాదులా? ఫిర్యాదులు. మధ్యలో ఫిర్యాదు చేసే పద్ధతి ఏమైనా మారిందా? ఆ మర్నాడు వెళ్లి అడిగితే తెలిసింది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే వీలు కొత్తగా వచ్చిందని. స్టోరీ మొత్తం మారిపోయింది. ఆ ప్రశ్నలు మొదటిసారి నేను అడిగాను. కోర్సు సగానికి వచ్చేసరికి అతనే వాటిని తనకు తాను వేసుకుని, జవాబులతో సహా కాపీ తెచ్చేవాడు. పీజీలో కొనుక్కోవాల్సింది ఈ అలవాటునే.

మీకు ఎకనామిక్స్ ఉంది కాబట్టి అంకెల దగ్గర చాలామంది కన్నా ముందుంటారు. నిరుద్యోగం 4 శాతం నుంచి 5 శాతానికి పెరిగితే "ఒక శాతం పెరిగింది" అని రాయకూడదని, అది ఒక పర్సంటేజ్ పాయింట్ పెరుగుదల అని, నిష్పత్తిలో చూస్తే 25 శాతమని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. న్యూస్‌రూముల్లో ఈ తప్పు ఎంత తరచుగా జరుగుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

యూనివర్సిటీ ఇచ్చే రెండోది పరిశోధన పద్ధతి. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఫిలిప్ మేయర్. ఆయన అమెరికాలో నైట్ పత్రికల సంస్థకు వాషింగ్టన్ విలేకరి. 1966-67లో హార్వర్డ్ యూనివర్సిటీకి, జర్నలిస్టులు చదువుకోవడానికి ఇచ్చే నీమన్ ఫెలోషిప్ మీద వెళ్లి, సామాజిక శాస్త్రవేత్తలు సర్వేలు ఎలా చేస్తారో, కంప్యూటర్‌తో వాటిని ఎలా విశ్లేషిస్తారో నేర్చుకున్నారు. అక్కడి నుంచి బయటికి వస్తూనే 1967 జులైలో డెట్రాయిట్‌లో అల్లర్లు జరిగాయి, 43 మంది చనిపోయారు. ఎవరు చేశారన్నదానికి అందరి దగ్గరా రెడీమేడ్ జవాబులున్నాయి: చదువు లేనివాళ్లని కొందరు, అమెరికా దక్షిణాది నుంచి వలస వచ్చి నగరంలో ఇమడలేనివాళ్లని ఇంకొందరు. మేయర్ తన సంస్థకే చెందిన డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక కోసం సర్వే చేయించారు. కాలేజీకి వెళ్లినవాళ్లు కూడా స్కూలు మానేసినవాళ్లతో సమానంగా అల్లర్లలో పాల్గొన్నారని తేలింది. దక్షిణాది నుంచి వచ్చినవాళ్ల కంటే ఉత్తరాదిలో పెరిగినవాళ్లే ఎక్కువగా పాల్గొన్నారని కూడా బయటపడింది. అల్లర్ల మీద చేసిన రిపోర్టింగ్‌కు డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్‌కి 1968లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నలుగురు అధికారుల్ని, నలుగురు స్థానికుల్ని మాట్లాడించి రాసే రిపోర్టర్‌కి ఎంత అనుభవమున్నా ఈ జవాబు దొరికేది కాదు.

ఇప్పుడు ఈ పద్ధతులు చాలా ముందుకెళ్లాయి. విదేశాల్లో రహస్యంగా పెట్టిన కంపెనీల గుట్టు బయటపెట్టిన పనామా పేపర్స్‌లో (2016) కోటీ పదిహేను లక్షల పత్రాలు ఉన్నాయి. వాటిని వెతకడానికి వీలుగా సర్దడమే ఒక పెద్ద పని. అంత పెద్ద స్థాయి మనకు రోజూ ఎదురుకాదు. కానీ ఆడిట్ రిపోర్టు, కోర్టు తీర్పు, బడ్జెట్ పత్రాలు, కంపెనీల బ్యాలెన్స్ షీట్లు, సమాచార హక్కు దరఖాస్తు, ఇవి అన్ని బీట్లలోనూ, అంటే రిపోర్టర్ చూసే ఏ రంగంలోనైనా, పనికొస్తాయి. ప్రభుత్వ పత్రాలు చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టంలో పెట్టింది, ఇప్పుడు చాలా దేశాల్లో ఆ తరహా చట్టాలున్నాయి. ఉన్న చట్టాన్ని వాడుకునే రిపోర్టర్లు మాత్రం తక్కువే. దరఖాస్తులో ప్రశ్నను ఎలా రాస్తే తప్పించుకోలేరో నేర్పే అధ్యాపకులు దొరికితే అది జీవితాంతం ఉపయోగపడుతుంది.

థియరీ గురించి కూడా అడుగుతారని తెలుసు, చాలామంది విద్యార్థులు దాన్ని పరీక్ష కోసం భరిస్తారు. నేను అలా అనుకోను. 1968 అమెరికా ఎన్నికలప్పుడు మెకోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఇంకా ఎవరికి ఓటేయాలో తేల్చుకోని 100 మందిని ప్రశ్నించారు. ఆ ఓటర్లు ముఖ్యమనుకున్న అంశాల వరుస, మీడియా ప్రాధాన్యమిచ్చిన అంశాల వరుసతో దాదాపు కలిసిపోయింది. జనం దేని గురించి ఆలోచించాలో మీడియా నిర్ణయిస్తుందని చెప్పే ఎజెండా సెట్టింగ్ అనే మాటకు మూలం 1972లో అచ్చయిన ఆ అధ్యయనమే. ఇది చదివిన విద్యార్థి ఎడిటోరియల్ మీటింగులో "ఈ రోజు ఏ వార్త మొదటి పేజీకి?" అన్న ప్రశ్నను ఇంకోలా వింటాడు.

మీడియా లా, ఎథిక్స్ క్లాసులు మానొద్దు. పరువు నష్టం, కోర్టు ధిక్కారం, కాపీరైట్, బాధితుల గోప్యత, వీటిలో ఒక్క దాంట్లో పొరపాటు జరిగినా మీతో పాటు మీరు రాసిన మనిషి కూడా నష్టపోతాడు. నేను క్లాసులో ఎప్పుడూ చదివించే నివేదిక ఒకటుంది. రోలింగ్ స్టోన్ పత్రిక 2014 నవంబరులో ఒక యూనివర్సిటీలో సామూహిక అత్యాచారం జరిగిందంటూ పెద్ద కథనం వేసింది. అది నిలబడలేదు. ఎక్కడ తప్పు జరిగిందో చూడమని ఆ పత్రికే కొలంబియా జర్నలిజం స్కూలును కోరింది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ఆ నివేదిక రిపోర్టింగ్, ఎడిటింగ్, పర్యవేక్షణ, ఫ్యాక్ట్ చెకింగ్ అన్నీ విఫలమయ్యాయని తేల్చింది. కథనంలో కీలకంగా కనిపించే ముగ్గురు స్నేహితులతో రిపోర్టర్ మాట్లాడలేదు. ఆరోపణ ఎదుర్కొన్నవాళ్లకు జవాబిచ్చేందుకు సరిపడా వివరాలు ఇవ్వలేదు. అందులో పనిచేసినవాళ్లు అనుభవం లేనివాళ్లేం కాదు. బాధితురాలి పట్ల సానుభూతి, ఆమె చెప్పింది సరిచూసుకోవడం, ఈ రెండూ కలిసి నడవగలవని, నడవాలని విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి పాఠం దొరకలేదు.

ఇప్పుడు కోర్సు ఎంచుకోవడం గురించి.

పీజీలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి వృత్తి కోర్సు: రిపోర్టింగ్, ఎడిటింగ్, ఆడియో, వీడియో, డేటా, చివర ఒక పెద్ద ప్రాజెక్టు. ఇవి కొన్నిచోట్ల ఏడాదిలోపే అయిపోతాయి, కొన్నిచోట్ల రెండేళ్లు. రెండోది మీడియాను ఒక విషయంగా పరిశోధించే కోర్సు, ఇందులో థీసిస్ ఉంటుంది, పీహెచ్‌డీకి దారి. పేర్లు మాత్రం కలగాపులగంగా ఉంటాయి, "మాస్ కమ్యూనికేషన్", "మీడియా స్టడీస్", "జర్నలిజం" అన్న మాటల్ని బట్టి ఏదీ తేల్చుకోవద్దు. సిలబస్ తీసి ప్రాక్టికల్ గంటలు లెక్కపెట్టండి. కొలంబియా లాంటి చోట్ల ఒక విషయంలో లోతుకు వెళ్లాలనుకునే అనుభవజ్ఞులకు విడిగా ఎంఏ ఉంది. 2005లో పెట్టారు. సైన్స్, రాజకీయాలు, బిజినెస్, కళలు లాంటి రంగాల్లో ఒకటి ఎంచుకోవాలి. మీకు మాత్రం నా సలహా వృత్తి కోర్సే. ఎకనామిక్స్ మీ దగ్గర ఉంది, మళ్లీ అదే చదవక్కర్లేదు. మీకు లేనిది ఎడిటింగ్, చట్టం, పత్రాలు చదివే పద్ధతి.

చేరే ముందు ఈ ప్రశ్నలు అడగండి, ఆఫీసును కాదు, పోయిన ఏడాది విద్యార్థులను. మీ కాపీని ఎవరు దిద్దేవారు, వారానికి ఎన్నిసార్లు? ఒక్కో రిపోర్టింగ్ బ్యాచ్‌లో ఎంతమంది? పదిహేను దాటితే వాక్యం వాక్యం దిద్దడం ఎవరివల్లా కాదు. విద్యార్థుల వార్తలు బయటివాళ్లు చదివే చోట అచ్చవుతాయా, లేక మార్కులతోనే ఆగిపోతాయా? అధికారంలో ఉన్నవాళ్లకు ఇబ్బంది కలిగించే స్టోరీ విద్యార్థి తెస్తే సంస్థ వెనక నిలబడిందా? ఈ చివరి ప్రశ్నకు తడబడితే జాగ్రత్త పడండి. ప్లేస్‌మెంట్ జాబితాలో పేర్లు తీసుకుని, వాళ్ల బైలైన్లు వెతకండి. మూడేళ్ల తర్వాత ఎంతమంది ఇంకా వార్తల్లో ఉన్నారో మీకే తెలుస్తుంది.

స్టూడియోలు, కెమెరాలు చూసి మోజు పడొద్దు. పరికరాలు ఐదేళ్లలో పాతబడతాయి. ఏఐ పనిముట్ల మీదే కోర్సు మొత్తం నడుపుతున్నామని చెప్పేచోటా ఇదే మాట. ఇంటర్వ్యూ ఆడియోను అక్షరాల్లోకి మార్చడం లాంటివి వారంలో పట్టుబడతాయి. ఒక ఫొటో ఎక్కడిది, ఎప్పటిది, అసలుదేనా అని తేల్చడానికి మాత్రం ఓపిక, క్రమశిక్షణ కావాలి. అది నేర్పితే చేరండి.

డబ్బు విషయంలో నా లెక్క ఖచ్చితమైనది: మొదటి ఉద్యోగంలో మీకు వచ్చే ఏడాది జీతం కన్నా ఎక్కువ అప్పు చేయాల్సి వస్తే ఆ కోర్సు వద్దు, ఎంత పేరున్నదైనా సరే. ఈ వృత్తిలో ప్రారంభ జీతాలు ఎక్కడైనా తక్కువే. నా విద్యార్థుల్లో అద్భుతంగా రిపోర్టింగ్ చేసే అమ్మాయి ఒకరు వాయిదాలు కట్టడం కోసం కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌కి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టను. కానీ ఆమె రాయాల్సిన వార్తలు ఎవరూ రాయలేదు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. స్కాలర్‌షిప్ వచ్చేవరకు ఒక ఏడాది ఆగడంలో నామోషీ ఏమీ లేదు. పని చేస్తూ ఆగితే ఇంకా మంచి క్లిప్పింగులతో దరఖాస్తు చేస్తారు.

దరఖాస్తు అంటే గుర్తొచ్చింది. ఎందుకు చేరాలనుకుంటున్నారో రాసే వ్యాసంలో "చిన్నప్పటి నుంచి జర్నలిస్టు కావాలని కల", "సమాజానికి గొంతు కావాలని" లాంటి మాటలు దయచేసి వద్దు. వందల దరఖాస్తుల్లో అవే ఉంటాయి. మీ చేతిలో ఆగిపోయిన స్టోరీ ఏదో రాయండి. ఎక్కడ ఆగింది, మీకు ఏం తెలియక ఆగింది, కోర్సులో ఏం నేర్చుకుంటే దాన్ని పూర్తి చేయగలరు. ఒకసారి మాజీ నర్సు ఒకావిడ తన ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ల రిజిస్టరు గురించి రాశారు: ఏ కాలమ్‌లో ఏం రాస్తారో, ఏది ఖాళీగా వదిలేస్తారో తెలుసు గానీ, దాన్ని చట్టబద్ధంగా ఎలా సంపాదించాలో, రోగుల పేర్లు బయటపడకుండా ఎలా రాయాలో తెలియదని. ఆవిడ రాసిన భాషలో తప్పులున్నాయి. అయినా సీటివ్వడానికి మేం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంకో రంగం లోపలి నుంచి తెలిసినవాళ్లు ఈ వృత్తికి ఎంతో అవసరం. మీరు ఎకనామిక్స్ నుంచి వస్తున్నానని కాస్త మొహమాటంగా రాశారు, అది మీ బలమని గుర్తించండి.

పీజీ కుదరకపోతే? మీ పరిస్థితిలో చేయదగినవి ఉన్నాయి. మీ వెబ్‌సైట్ వదిలి, జీతం కాస్త తక్కువైనా గట్టి డెస్క్ ఉన్న సంస్థలో, వీలైతే డెస్క్‌లోనే ఏడాది పనిచేయండి. ఇతరుల కాపీ దిద్దడం నేర్పినంత త్వరగా రాయడాన్ని ఇంకేదీ నేర్పదు. రిపోర్టర్‌గానే ఉండాలనుకుంటే మీరు పంపిన కాపీ, అచ్చయిన కాపీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఎందుకు మార్చారో మర్నాడు అడగండి. విసుక్కునేవాళ్లు ఉంటారు, చెప్పేవాళ్లూ ఉంటారు. టెక్సస్ యూనివర్సిటీలోని నైట్ సెంటర్ ఆన్‌లైన్‌లో పెట్టే కోర్సుల్లో చాలావరకు ఉచితమే, డేటా జర్నలిజానికి వాటితో మొదలుపెట్టవచ్చు. కొన్నేళ్ల అనుభవం వచ్చాక ఫెలోషిప్‌లున్నాయి: హార్వర్డ్‌లో నీమన్ 1938 నుంచి ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లో రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ కూడా పనిచేస్తున్న జర్నలిస్టులను తీసుకుంటుంది. వీటిలో పట్టా రాదు, చదువుకునే సమయం, డబ్బు దొరుకుతాయి. మేయర్ నేర్చుకున్నది అలాంటి చోటే కదా.

ఇక మీరు వెంటనే చేయాల్సింది: ఇప్పటిదాకా రాసిన వాటిలో మీ సొంత శ్రమతో, పత్రాలో అంకెలో తవ్వి రాసిన మూడు స్టోరీలు పక్కన పెట్టండి. ప్రెస్‌మీట్ వార్తలు లెక్కలోకి రావు. మూడు లేకపోతే ఈ ఏడాది దరఖాస్తు చేయకుండా ముందు అవి రాయండి. ఉంటే, నచ్చిన కోర్సుల్లో స్కాలర్‌షిప్ గడువు ఎప్పుడో చూసుకోండి. చాలాచోట్ల అది అడ్మిషన్ గడువు కన్నా ముందే ముగిసిపోతుంది, మంచి విద్యార్థులు అక్కడే ఎక్కువగా నష్టపోతున్నారు.